పినాంగులో ఒక పున్నమి

మా ఇంట్లో 'కూడు' అన్న మాట వాడకూడదు. ఈ చట్టం చేసింది అమ్మ. అమ్మది కోనసీమ, అంబాజీపేట పక్కన పల్లెటూరు. నాన్నది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి దగ్గర. 1977లో పెళ్ళయి కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే నాన్న స్నానం చేసి వచ్చి "కూడొండీసినావేటి?" అని అడిగారట. అమ్మ ఆ పూట అన్నం మానేసి పడుకుంది. కూడు అంటే పిండాకూడు, లేదంటే ఎవరినైనా తిట్టేటప్పుడు అనే మాట, కట్టుకున్న పెళ్ళాన్ని అడిగే మాట కాదని అమ్మ వాదన. మా అమ్మ వండింది కూడే, నేను తిని పెరిగింది కూడే అని నాన్న వాదన.

అమ్మే గెలిచింది. నాన్నది బ్యాంకు ఉద్యోగం. రాజమండ్రి, విజయవాడ, హైదరాబాదు, ఏ ఊరికి బదిలీ అయినా ఆ ఊరు అమ్మ పక్షమే. నాకు ఊహ తెలిసేసరికి నాన్న నోట 'ఏటి' పోయి 'ఏమిటి' వచ్చేసింది. ఊళ్ళో ఉన్న బాబాయి ఫోన్ చేస్తే మాత్రం రిసీవర్ పట్టుకుని, వీపు మా వైపు తిప్పి, గొంతు బాగా తగ్గించి మాట్లాడేవారు. అప్పుల సంగతి కాబోలు అనుకునేదాన్ని. తర్వాత తెలిసింది, అది ఉద్దానం భాష అని.

2018 జనవరిలో, సంక్రాంతి వెళ్ళాక, ఇద్దరూ సింగపూరులో మా ఇంటికి వచ్చారు. మా ఆయనకి సెలవు దొరకలేదు. వారం మధ్యలో క్రూయిజ్ టిక్కెట్లు చవగ్గా వస్తున్నాయని నాకూ, ఐదేళ్ళ మా బుజ్జిగాడికీ, అమ్మానాన్నలకీ నాలుగు రాత్రుల ప్రయాణం బుక్ చేసేశాను. సోమవారం సాయంత్రం ఎక్కడం, మంగళవారం మలేషియా రేవు పోర్ట్ క్లాంగ్, బుధవారం అక్కడిదే పినాంగు దీవి, గురువారమంతా నీళ్ళు, శుక్రవారం పొద్దున్న మళ్ళీ సింగపూరు. నేను చూసింది ధర. పంచాంగం అమ్మ చూసింది, డబ్బు కట్టేశాక.

"బుధవారం 31. మాఘ పౌర్ణమి. చంద్రగ్రహణం, అదీ సంపూర్ణం. పట్టు స్నానం, విడుపు స్నానం నడిసముద్రంలో ఎక్కడ చెయ్యమంటావే?"

"మాఘ పౌర్ణమికి సముద్ర స్నానం పుణ్యం అంటావు కదా. ఓడ ఉండేది సముద్రంలోనే," అన్నారు నాన్న, పేపర్లోంచి తల ఎత్తకుండా.

అమ్మ ఊరుకోలేదు. హైదరాబాదులో మా పిన్నికి ఫోన్ చేసి లెక్క కట్టించింది. ఇండియాలో సాయంత్రం 5:18కి స్పర్శ, రాత్రి 8:41కి మోక్షం. మాకు రెండున్నర గంటలు ముందుకి, అంటే 7:48 నుంచి 11:11 దాకా. చంద్రగ్రహణానికి మూడు జాములు ముందు నుంచి భోజనం పనికిరాదు. ముసలివాళ్ళకీ పిల్లలకీ సడలింపు ఉందని నేను గుర్తుచేస్తే "నేనేం ముసలిదాన్ని కాదు" అంది. పైగా నాన్నది కర్కాటక రాశి. ఆ గ్రహణం పట్టేది కర్కాటకంలోనే. ఆయన అసలు ఆకాశం వంకే చూడకూడదు.

ఓడలోకి ఇంటి తిండి తేకూడదన్న రూలు నేను చదివాను. అమ్మ చదవలేదు. బ్యాగు అడుగున పట్టుచీర మడతల్లో ఆవకాయ సీసా, దాని మూతకి రబ్బరు బ్యాండుతో కట్టిన దర్భ. గ్రహణ దోషం అంటకుండా.

ఇంత పంచాంగం తిరగేసిన అమ్మకి గానీ, సింగపూరులో అన్నేళ్ళుగా ఉంటున్న నాకు గానీ, ఆ పౌర్ణమే తైపూసం అని వెలగలేదు. తమిళుల తై నెలలో పుష్యమి నక్షత్రంతో వచ్చే పున్నమి. మురుగన్ పండగ. పినాంగులో ఆ రోజు సెలవు. మంగళవారం రాత్రి ఓడలో భోజనాల దగ్గర పక్క టేబులు తమిళావిడ "రేపు పినాంగా? అదృష్టవంతులు, కావడి చూస్తారు" అంటే మా నాన్న "కావడా? నీళ్ళ కావడా?" అని అడిగారు. ఆవిడ నవ్వాపుకోలేకపోయింది.

బుధవారం పొద్దున్న ఎనిమిదింటికి ఓడ స్వెటెన్‌హామ్ పీర్‌కి ఆనింది. జార్జ్‌టౌన్ ఊరు అక్కడే, గేటు దాటితే ఊరే. బస్సెక్కి గంట వెళ్ళాల్సిన రేవులే ఎక్కువగా చూసిన నాకు ఇది భలే నచ్చింది. ఎదురుగా తెల్లటి గడియారం స్తంభం. విక్టోరియా రాణి గద్దెనెక్కి అరవై ఏళ్ళయిందని 1897లో మొదలుపెట్టి కట్టించారట, ఏడాదికో అడుగు చొప్పున అరవై అడుగులు. పక్కనే ఫోర్ట్ కార్న్‌వాలిస్. 1786లో ఫ్రాన్సిస్ లైట్ అనే దొర దిగి ఈస్టిండియా కంపెనీ కోసం ఊరు మొదలుపెట్టింది ఆ మూలే. నాన్న ప్రతి బోర్డూ చదివారు. ఆయనతో ఎక్కడికెళ్ళినా ఇంతే, బోర్డు చదవందే అడుగు పడదు. అమ్మ ముందుకెళ్ళిపోయి నీడలో నిలబడి చీర కొంగుతో విసురుకుంటూ చూస్తుంది. వాళ్ళ పెళ్ళి ఫొటోలు తప్ప మిగతా ఫొటోలన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి.

ఇక లిటిల్ ఇండియా. మార్కెట్ వీధి, క్వీన్ వీధి. 1833 నాటి మారియమ్మన్ గుడి గోపురం చుట్టూ పూలకొట్లు, మిఠాయి కొట్లు, చీరల కొట్లు, స్పీకర్లలో హోరు. ఆ రోజు వీధి అంతా పసుపు బట్టలే. కాళ్ళకి చెప్పుల్లేకుండా, నెత్తిన పాలబిందె పెట్టుకుని ఆడవాళ్ళు వరసగా నడిచిపోతున్నారు. వాళ్ళలో చీనా ఆవిడలు కూడా ఉన్నారు, పసుపు చీర కట్టుకుని, విభూది పెట్టుకుని. అమ్మ వాళ్ళలో ఒకావిడని ఆపి చీర కుచ్చిళ్ళు సర్దింది. ఇద్దరికీ ఒక్క మాట కలవలేదు. ఆవిడ బిందె పట్టుకున్న చేతులు కదపకుండా కళ్ళతోనే దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

మూల తిరిగేసరికి ఒక పెద్ద మసీదు, దాని వీధి పేరు బోర్డు. నాన్న ఆగిపోయారు. జలాన్ మస్జిద్ కపితాన్ కెలింగ్.

"కెలింగ్ అంటే ఏమిటో తెలుసా? కళింగ!" అని మొదలుపెట్టారు. కళింగ తీరం నుంచి వర్తకానికి వచ్చిన వాళ్ళని మలయా వాళ్ళు కెలింగ్ అనేవారు. రానురాను దక్షిణాది నుంచి ఓడ దిగిన ప్రతివాడికీ అదే పేరైంది. కపితాన్ అంటే ఆ జనానికి పెద్దగా కంపెనీ వాళ్ళు గుర్తించిన మనిషి. "ముఖలింగం మా జిల్లా. కళింగపట్నం మా జిల్లా. అసలైన కెలింగులం మేం!" నడిరోడ్డు మీద, చెయ్యెత్తి. రిటైరైన బ్యాంకు ఆఫీసర్ని అంత గర్వంగా నేనెప్పుడూ చూడలేదు.

పక్కన కారు తుడుచుకుంటున్న తమిళ పెద్దాయన నొచ్చుకున్న మొహంతో ఇటు తిరిగాడు. ఇంగ్లీషులో, మెల్లగా, ఆ మాట ఇక్కడ పైకి అనకండి సార్, మమ్మల్ని తిట్టడానికి వాడతారు అన్నాడు. వీధికి ఉండొచ్చు, మసీదుకి ఉండొచ్చు, మనిషిని అంటే మాత్రం కొట్లాటే. నాన్న చెయ్యి దించేశారు. క్షమించమన్నారు.

"చూశారా, ఒక చోట పేరు, ఇంకో చోట తిట్టు," అంది అమ్మ. నలభై ఏళ్ళ నాటి కేసులో కొత్త సాక్ష్యం దొరికినట్టు.

అసలు పండగ జరిగేది అక్కడ కాదు. ఊరికి ఆ చివర కొండ పాదంలో, వాటర్‌ఫాల్ రోడ్డులో. అంతకు ముందురోజు తెల్లవారే లిటిల్ ఇండియా నుంచి రథాలు బయల్దేరి అక్కడికి చేరాయి. చెట్టియార్ల వెండి రథం ఎన్నో ఏళ్ళ నాటిది. బంగారు రథం 2017లోనే కొత్తగా వచ్చింది. రథాలు పోయే దారంతా కొబ్బరికాయలు కొడతారు. ఒకటీ రెండూ కాదు, కుప్పలు కుప్పలు. చీనా కుటుంబాలు కూడా పోటీగా కొడతాయి. పగిలిన చెక్కలు ఎత్తెయ్యడానికి బుల్డోజర్లు వస్తాయి. మేం కారు దిగేసరికి అదంతా అయిపోయింది, కానీ వాసన మిగిలింది. పులిసిన కొబ్బరి నీళ్ళ వాసన, ఎండకి. రోడ్డు వారగా పీచు, చిప్ప ముక్కలు.

అమ్మ వంగి ఒక ముక్క తీసింది. గోటితో గిల్లి చూసింది. "ముదురు కాయ. మంచి కాయండీ. ఇన్ని కాయలు! ఒక్కరైనా పచ్చడి చేసుకోలేదా?" మా ఇంట్లో గుళ్ళో కొట్టిన కాయ సగం చెక్క మర్నాటి పచ్చడి, మిగతా సగం ఎల్లుండి కూర. సరిగ్గా నడిమికి పగిలిందా, కుళ్ళు ఉందా అని చూసి, కుంకం బొట్టు పెట్టి, నీళ్ళు గ్లాసులో పట్టి తలో గుక్కా పంచిన మనిషికి ఆ రోడ్డు చూసి కడుపు తరుక్కుపోయింది.

ఎదురుగా కావడులు వస్తున్నాయి. నేను సింగపూరులో దూరం నుంచి చూశాను గానీ ఇంత దగ్గరగా చూడటం అదే. ఒక కుర్రాడు, ఇరవై ఏళ్ళుంటాయేమో, భుజాల మీద నెమలి ఈకల కావడి, రెండు బుగ్గల గుండా సన్నటి వెండి శూలం, వీపు మీద వరసగా కొక్కేలు, ఒక్కో కొక్కేనికీ ఒక నిమ్మకాయ. నెత్తురు లేదు. వాడు ఆగి గిరగిరా తిరిగినప్పుడు నిమ్మకాయలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. వాడి వెనక నడుస్తున్న అక్కో చెల్లెలో ఒక చేత్తో మడత స్టూలు, ఇంకో చేత్తో నీళ్ళ సీసా పట్టుకుని, వాడి మొహం తప్ప ఇంకేం చూడట్లేదు. వాడు తూలితే స్టూలు వేసింది. కూర్చున్నాడు. పాదాల మీద నీళ్ళు పోసింది, తారు రోడ్డు కాలుతోంది మరి. లేచాడు. 'వేల్ వేల్' అని చుట్టూ కేకలు.

బుజ్జిగాడు భయపడతాడనుకున్నాను. వాడు "అమ్మా, ఆ నిమ్మకాయలు తర్వాత ఏం చేస్తారు?" అన్నాడు. అమ్మమ్మ మనవడే.

దారి పొడుగునా పందిళ్ళు. తణ్ణీర్ పందల్ అంటారు, మన చలివేంద్రాలే, కాకపోతే చెవులు చిల్లులు పడే పాటలతో. మజ్జిగ, గులాబీ రంగు షర్బతు, అన్నం, సాంబారు, అన్నీ ఊరికే. ఒక పందిరి దగ్గర బుజ్జిగాడు నా చెయ్యి విదిలించుకుని షర్బతు వైపు పరిగెత్తాడు. నాన్న గాభరాపడి అరిచారు: "ఒరే గుంటడా, ఆగు! ఎక్కడికెల్తన్నావ్!"

నేనూ అమ్మా మొహాలు చూసుకున్నాం.

పందిరి లోపల గరిటె పట్టుకుని నిలబడ్డ ఆయన కూడా చూశాడు. అరవై దాటిన మనిషి. నల్లగా, పొట్టిగా, మెడలో తువ్వాలు. గరిటె సాంబారులో వదిలేసి బయటికి వచ్చాడు.

"బాబూ, తెలుగోళ్ళేటి?"

నాన్న నోరు తెరిచారు గానీ మాట రాలేదు.

"ఏ ఊరు మీది? కూసోండి లా. కూడు తిన్నారేటి?"

ఆ చివరి ప్రశ్న అమ్మ మొహానే అడిగాడు. ఎంతో మర్యాదగా, తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని, తల కొంచెం వంచి.

అక్కణ్ణించి రెండు గంటలు ఏం జరిగిందో నాకు వరసగా గుర్తులేదు. నాన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు, ఆయన ఎదురుగా. ఆయనది పెరాక్ రాష్ట్రంలో బగాన్ దాతో. కొడుకు పినాంగులో పనిచేస్తాడు, పండక్కి ఏటా ఇక్కడికే వచ్చి సేవ చేస్తాడు. వాళ్ళ తాత కొబ్బరి తోటల్లో కూలికి వచ్చాడు. మద్రాసు నుంచి రజూలా అనే ఓడలో, డెక్కు మీద. ఆ ఓడ పేరు నాన్నకి తెలుసు. 1926 నుంచీ దాదాపు యాభై ఏళ్ళ పాటు మద్రాసు, నాగపట్నం, పినాంగు, సింగపూరు మధ్య తిరిగిన ఓడ. దిగగానే ఊళ్ళోకి రానిచ్చేవారు కాదట, జెరెజాక్ అనే దీవిలో పెట్టి రోగాలు లేవని తేలాకే వదిలేవారట. మేం ఆ పొద్దున్నే ఓడ దిగి పావుగంటలో గడియారం స్తంభం కింద ఫొటో తీసుకున్నాం.

"మా ఊరోళ్ళు ఎక్కువ రంగం ఎల్లినారు. మలయా ఎల్లినోళ్ళు తక్కువ," అన్నారు నాన్న. రంగం అంటే రంగూన్. నేను పుట్టాక నాన్న నోట ఆ మాట వినడం అదే మొదలు.

"మా తాతది సికాకోలు పక్కన అనీవోరు. ఊరి పేరు మా నాయినకీ తెల్దు బాబూ."

"మాది ఉద్దానం. కవిటి."

"ఉద్దానమంటే కొబ్బరేనేటి?"

"కొబ్బరే. కొబ్బరి, పనస, జీడి. ఇసక నేల కదేటి."

"మాకూ ఇసకే. కొబ్బరే. మరింక తేడా ఏటున్నాది?"

ఇద్దరూ నవ్వారు. ఆయన తోటలోనే తెలుగు బడి ఉండేదట, మూడో తరగతి దాకా చదివాడట. చదవడం మర్చిపోయాడు, మాట మర్చిపోలేదు. "చోడంబలి తాగుతారేటి ఇంకా?" అని అడిగాడు. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడవాల్సినంత మురికేం లేదు దాని మీద.

విస్తరాకు లాంటి కాగితం పరిచి అన్నం పెట్టారు. నాన్న రెండుసార్లు పెట్టించుకున్నారు. గ్రహణం సంగతి అమ్మ గుర్తుచేసింది. "ఇప్పుడు పన్నెండున్నర. సడలింపున్నాది కదా, నాను ముసలోణ్ణి," అన్నారు. తను తినలేనందుకు అమ్మ పందిరి పెద్దాయనకి సంజాయిషీ చెప్పింది, గ్రహణం అండీ, మరోలా అనుకోకండి అని. ఆయన గబగబా లోపలికెళ్ళి మూత కదలని నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చాడు. "మా అప్ప కూడా ఈయేళ ఉపాసమేనమ్మా." అప్ప అంటే అక్క. అమ్మకి నాన్న అనువదించారు. భార్యాభర్తల మధ్య అనువాదం!

అన్నట్టు, గుడి చూడలేదు. కొండ మీద బాలదండాయుధపాణి గుడి, 2012లో కట్టింది, 513 మెట్లు. కింద నుంచి గోపురం కనిపించింది, దణ్ణం పెట్టుకున్నాం. అమ్మ మోకాళ్ళు ఒక సాకు. నాన్న అసలు కుర్చీలోంచి లేవలేదు. పినాంగు వెళ్ళి తైపూసం నాడు మురుగన్ని చూడకుండా వచ్చినవాళ్ళు మేమే అయ్యుంటాం.

ఓడ ఐదున్నరకల్లా ఎక్కెయ్యాలి. నేను మూడున్నర నుంచి ఫోన్‌లో కారు కోసం ప్రయత్నిస్తూనే ఉన్నాను. సగం రోడ్లు మూసేశారు, కార్లు రావట్లేదు. నాలుగుంపావుకి నాకు చెమటలు పట్టాయి. ఓడ మన కోసం ఆగదు నాన్నా అంటే ఆయన తాపీగా "రజూలా కూడా ఆగేది కాదు" అన్నారు. అప్పుడు ఆ పెద్దాయనే లేచి వ్యాను తాళాలు తీశాడు. సరుకులు వేసే వ్యాను. వెనక కొబ్బరికాయల బస్తాలు, మర్నాడు రథం తిరిగి వెళ్ళేటప్పుడు కొట్టడానికి. ముందు సీటులో నాన్న, వెనక బస్తాల మీద మేం ముగ్గురం.

పట్టుచీరతో బస్తా మీద కూర్చున్న అమ్మ కాసేపటికే ఒక బస్తా మూతి వదులు చేసి కాయ బయటికి తీసింది. చెవి దగ్గర పెట్టి ఆడించింది. "నీళ్ళు నిండుగా ఉన్నాయి. ఉద్దానం కాయ కంటే పెద్దది."

ముందు నుంచి నాన్న: "ఉద్దానం కాయ సిన్నదే. తీపెక్కువ."

"కోనసీమ కాయ ముందు ఏ కాయైనా ఒకటే."

వ్యాను తోలుతున్న ఆయన అద్దంలోంచి చూసి పెద్దగా నవ్వాడు. "మా ఇంట్లోనూ ఇదే గొడవండమ్మా. మా ఆడది సింగపూరు పిల్ల, సూపర్ మార్కెట్ కాయే గొప్పంటాది."

గేటు దగ్గర దింపి రెండు కాయలు చేతిలో పెట్టాడు. ఆయన పేరు నాన్న చీటీ మీద రాసుకున్నారు, నాన్న పేరు ఆయన అరచేతి మీద రాసుకున్నాడు, చీటీ లేక. కాయలు లోపలికి తీసుకురాకూడదని సెక్యూరిటీ అమ్మాయి అంది, పక్కనున్న డబ్బా చూపించింది. అందులో పడెయ్యమని. అమ్మ ఆ డబ్బా వంక చూసి వెనక్కి తిరిగింది. ఐదూపది. నేను "అమ్మా!" అని అరుస్తున్నాను. గేటు పక్కన చెట్టు మొదట్లో రాతి గట్టు ఉంది. పీచు ఒడిసి, కళ్ళు మూసుకుని ఏదో అనుకుని, కొట్టింది. కాయ నడిమికి, గీత గీసినట్టు పగిలింది. నీళ్ళు చెట్టుకి పోసింది. రెండోది కూడా కొట్టింది. చెక్కలు నాలుగూ అక్కడే వెల్లకిలా పేర్చి వచ్చేసింది. తను తినకూడదు కదా. కాకులు తింటాయి, వాటికి గ్రహణం లేదు అంది.

ఆరింటికి ఓడ కదిలింది. ఏడున్నర దాటాక తూర్పున, బటర్‌వర్త్ దీపాల పైన, చంద్రుడు వచ్చాడు. వచ్చిన కాసేపటికే ఒక మూల నుంచి కొరుక్కుపోవడం మొదలైంది. అమ్మ గదిలో పట్టు స్నానం చేసి, ఆ అగ్గిపెట్టంత బాత్రూములో మోచేతులు కొట్టుకుని, పరుపు మీద కూర్చుని జపం చేసుకుంటోంది, కర్టెన్లు మూసి. కర్కాటక రాశి మనిషి మాత్రం మనవణ్ణి భుజాన వేసుకుని డెక్కు మీద ఉన్నారు. చుట్టూ జనం కెమెరాలతో. తొమ్మిది దాటేసరికి చంద్రుడు రాగి చెంబు రంగులోకి దిగాడు. మబ్బు పలచగా వచ్చి పోతోంది. గ్రహణమప్పుడు మా ఊళ్ళో పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెడితే నిలబడేది, విడవగానే పడిపోయేది అని నాన్న చెబుతున్నారు. "అలగెలా నిలబడతాది తాతా?" అని బుజ్జిగాడు. ఒక్క పూటలో అంటించేశారు.

పదకొండుంపావుకి విడుపు స్నానం అయ్యాక అమ్మ తలుపు తీసింది. పొద్దున్న ఏడింటికి తిన్న ఇడ్లీయే. మొహం పీక్కుపోయి ఉంది. నాన్న గుమ్మంలో నిలబడి, ఒక్క క్షణం ఆగి, అన్నారు:

"కూడు అట్టుకొచ్చీమంటావేటి?"

నేను ఊపిరి బిగబట్టాను. అమ్మ తడి జుట్టు తువ్వాలుతో విదిలిస్తూ ఆయన్ని చూసింది. ఆవకాయ సీసా మూత మీద దర్భ తీసి పక్కన పెట్టింది.

"పెరుగు కూడా తీసుకురండి," అంది.

అదే ఏడాది అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 కిలోమీటర్లకు పైగా గాలి. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస నేలమట్టం. ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. రైళ్ళు నడవడం మొదలుకాగానే నాన్న హైదరాబాదు నుంచి ఒక్కరే వెళ్ళారు. తాతల నాటి ఎకరంన్నర తోట మాది, తొంభైరెండు చెట్లు. నేను ఆ వారం అమ్మ దగ్గరే ఉన్నాను. మూడో రోజు రాత్రికి గానీ నాన్న ఫోన్ కలవలేదు. స్పీకర్ మీద పెట్టింది అమ్మ. అవతల గాలి హోరు, దూరంగా ఎవరో చెట్టు నరుకుతున్న చప్పుడు.

"పదిహేడు మిగిలాయి," అన్నారు నాన్న. శుభ్రమైన తెలుగులో, బ్యాంకులో లెక్క చెప్పినట్టు. మళ్ళీ మొక్కలు పెడితే కాపుకి ఆరేడేళ్ళు పడుతుంది, అప్పటికి నాకు ఎనభై దాటుతాయి అన్నారు. తర్వాత ఏమీ అనలేదు. ఫోన్ పెట్టేశారేమో అనుకున్నాం.

అమ్మ ఫోన్ నోటికి దగ్గరగా తెచ్చుకుంది. గొంతు తగ్గించి, వీపు నా వైపు తిప్పి అడిగింది.

"కూడు తిన్నారేటి?"